పీజీటీఐ సీజనా, ఏడీటీ సీజనా? కొత్తగా గోల్ఫ్ ప్రో అయిన కుర్రాడికి ఏది మేలు

ఈ మధ్య నాకొచ్చే ఫోన్లలో సగం ఒకే ప్రశ్న మీద. "మావాడు ప్రో అవుదామనుకుంటున్నాడండీ. ఇక్కడే పీజీటీఐ ఆడించమంటారా, నేరుగా ఏషియన్ టూర్ క్యూ స్కూల్‌కి పంపి, కార్డు రాకపోతే ఏడీటీలో వెయ్యమంటారా?" పీజీటీఐ అంటే మన దేశపు ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్. ఏడీటీ అంటే ఏషియన్ టూర్‌కి ఒక మెట్టు కింద నడిచే ఏషియన్ డెవలప్‌మెంట్ టూర్. క్యూ స్కూల్ అంటే టూర్‌లో ఆడే కార్డు కోసం పెట్టే అర్హత పోటీ. అడిగేది ఎక్కువగా తండ్రులు. ఒకటి రెండుసార్లు కుర్రాళ్లే చేశారు, నాన్న పక్కన లేనప్పుడు, గొంతు తగ్గించి.

నన్నే అడగడానికి కారణం మా తమ్ముడు. వాడు ప్రో అయ్యి రెండు సీజన్లయింది. సెలవు దొరికిన ప్రతి వారం వాడి బ్యాగ్ నేనే మోశాను. ఎక్కువగా పీజీటీఐ, మధ్యలో నాలుగు వారాలు ఏడీటీ. మూడో సీజన్ ఎక్కడ ఆడాలన్నది మొన్న సంక్రాంతికి ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చాం. వాడు పీజీటీఐలోనే ఉంటున్నాడు. ఎందుకో రాస్తాను. ఏడీటీ వైపు ఉన్న న్యాయం కూడా దాచను, అది కొట్టిపారేసేంత చిన్నదేం కాదు.

ముందు డబ్బు సంగతి, అందరూ మొదట అడిగేది అదే కాబట్టి.

పీజీటీఐలో ఈ మధ్య సీజన్లలో మామూలు టోర్నమెంట్ పర్స్, అంటే మొత్తం బహుమతి సొమ్ము, కోటి రూపాయలు. గెలిచినవాడికి అందులో 15 శాతం, అంటే 15 లక్షలు. ఏడీటీలో లక్ష డాలర్ల టోర్నమెంట్ గెలిస్తే పదిహేడున్నర శాతం, 17,500 డాలర్లు. డాలర్‌కి 85 రూపాయలు వేసుకుంటే 14 లక్షల 87 వేల 500. చెక్కు పక్కన చెక్కు పెడితే తేడా ఏమీ లేదు. "కానీ డాలర్లలో వస్తుంది కదండీ" అన్నారొకాయన. డాలర్లలో వస్తే డాలర్లలోనే ఖర్చవుతుంది కూడా. కోల్‌కతాలో ఆడేటప్పుడు మేము విశాఖలో కోరమాండల్ ఎక్కాం, బ్యాగ్ బెర్తు కింద తోశాం. పొద్దుటికి షాలిమార్ స్టేషన్లో దిగాం. ఇంకో ఇద్దరు ప్రోలతో కలిసి రూము తీసుకున్నాం, వాడి బ్యాగ్ నేనే మోశాను కాబట్టి క్యాడీ ఖర్చు లేదు. అదే కౌలాలంపూర్ వెళ్లినప్పుడు విమానం టికెట్, గోల్ఫ్ బ్యాగ్‌కి అదనపు లగేజీ, గోల్ఫ్ కోర్సు ఊరికి దూరంగా ఉంటే రోజూ టాక్సీ. గెలిచినవాడికి ఇవి లెక్కలోకి రావు. కానీ మొదటి రెండేళ్లూ వేసుకోవాల్సిన లెక్క గెలుపుది కాదు, నలభయ్యో స్థానానిది. నలభయ్యో స్థానంలో నిలిచినవాడు మన దేశంలో ఆడితే ఇంటికి ఎంతో కొంత తెచ్చుకుంటాడు. బయట ఆడితే చేతి చమురు వదులుతుంది. డబ్బు విషయంలో ఇంతకంటే తేల్చాల్సింది లేదు, పీజీటీఐదే పైచేయి.

అయితే మేము డబ్బు చూసి నిర్ణయించుకోలేదు. అసలు విషయం వేరే ఉంది.

ఏడాదిలో ఎన్ని వారాలు మీవాడికి టీ టైమ్, అంటే టోర్నమెంట్లో ఆట మొదలుపెట్టే చోటు, ఖాయం? నన్ను అడిగితే మిగతావన్నీ దీని తర్వాతే. కార్డు వచ్చిందనగానే ఆడే హక్కు వచ్చేసిందనుకుంటాం. మేమూ అలాగే అనుకున్నాం. కార్డు అంటే వరుసలో ఒక చోటు, అంతే. ప్రతి వారం ఎంట్రీ లిస్టు కేటగిరీల వారీగా పేరుస్తారు. ముందున్న కేటగిరీల వాళ్లంతా ఎక్కాక ఖాళీ మిగిలితే మన వంతు.

ఏషియన్ టూర్ క్యూ స్కూల్ ఆఖరి దశ ఐదు రౌండ్లు, 90 హోల్స్. మొదటి 35 మందికీ, ముప్పై అయిదో స్థానంలో టై అయినవాళ్లకూ కార్డులిస్తారు. అక్కడ ముప్పయ్యో స్థానంలో నిలవడం గొప్ప సంగతే. కానీ 2022లో ఏషియన్ టూర్‌లోనే ఇంటర్నేషనల్ సిరీస్ అనే పెద్ద టోర్నమెంట్ల వరస మొదలయ్యాక, ఆ పెద్ద పర్సుల వారాల్లో బయటినుంచి వచ్చే పెద్ద ఆటగాళ్లు చేరారు. వేరే టూర్‌తో కలిపి నడిపే టోర్నమెంట్లలో చోట్లు రెండు టూర్లకీ పంచుతారు. అలా ఆడడానికి వారం దొరకని ఏషియన్ టూర్ ఆటగాళ్లు ఊరికే కూర్చోరు కదా, ఏడీటీకి దిగుతారు. వాళ్లు వరుసలో మనకంటే ముందుంటారు. పైగా ఏ దేశంలో ఆడితే ఆ దేశపు ఆటగాళ్లకు కొన్ని చోట్లు కేటాయిస్తారు, మలేషియాలోనైతే అక్కడి సొంత టూర్‌తో కలిపే నడుపుతారు. వాళ్ల దేశం, వాళ్ల స్పాన్సర్, అందులో తప్పేం లేదు. కానీ విశాఖ నుంచి వెళ్లిన కుర్రాడికి మిగిలేది రిజర్వ్ లిస్టు.

రిజర్వ్ లిస్టు అంటే ఏమిటో నాకు మలేషియాలో తెలిసింది. మేము బయలుదేరినప్పుడు వాడు నాలుగో రిజర్వ్. నలుగురు తప్పుకోకుండా ఉంటారా అని వెళ్లాం. మంగళవారానికి ఇద్దరు తప్పుకున్నారు, వాడు రెండో రిజర్వ్ అయ్యాడు. మొదటి రౌండ్ రోజు తెల్లారకముందే కోర్సుకి చేరాం. అక్కడ రిజర్వ్ ఆటగాడు చేసేదల్లా పూర్తిగా తయారై మొదటి టీ, అంటే మొదటి షాటు కొట్టే చోటు, దగ్గర నిలబడడం. ఎవడికైనా నడుము పట్టినా, ఎవడైనా టైముకి రాకపోయినా స్టార్టర్ పేరు పిలుస్తాడు, అయిదు నిమిషాల్లో కొట్టాలి. ముందురోజు రాత్రి వాడు బంతులన్నిటికీ ఆకుపచ్చ మార్కర్‌తో రెండేసి చుక్కలు పెట్టుకున్నాడు. పొద్దున్నుంచీ అందులో మూడు బంతులు జేబులోనే ఉన్నాయి. కాసేపు పటింగ్ గ్రీన్, కాసేపు స్టార్టర్ గుడారం, మళ్లీ పటింగ్ గ్రీన్. ఎండెక్కింది. మొదటి రిజర్వ్ లోపలికి వెళ్లాడు. వాడి తర్వాత మనవాడే. మధ్యాహ్నం ఆఖరి గ్రూపు వచ్చింది, ముగ్గురికి ముగ్గురూ ఉన్నారు, కొట్టి వెళ్లిపోయారు. మావాడు గ్లవ్ తీసి, మడిచి వెనక జేబులో పెట్టుకుని, "అన్నయ్యా, ప్రాక్టీస్ రేంజ్‌కి పోదాం" అన్నాడు. వాడి వెనకే నడిచాను. నాకైతే మాట రాలేదు.

ఖర్చంతా అయింది, ఒక్క షాటు కూడా కొట్టలేదు. అంతకంటే నన్ను బాధపెట్టింది, వాడికి చోటు దొరకగల తర్వాతి టోర్నమెంట్ మూడు వారాల తర్వాత ఉండడం. ఇరవై రోజులు స్కోరుకార్డు పట్టుకోకుండా ఉన్న కుర్రాడి చేతుల్లోంచి ఏం పోతుందో దగ్గరుండి చూశాను. స్వింగ్ ఎక్కడికీ పోదు. పోయేది స్కోరు చేసే అలవాటు. ఇక్కడ పార్ చాలు, ఇక్కడ జెండా జోలికి పోకూడదు అనే తెలివి.

ఇప్పుడు ఇదే విషయంలో పీజీటీఐ చూడండి. క్యూ స్కూల్‌లో కార్డు తెచ్చుకున్నవాడికి సీజన్లో ఎక్కువ వారాలు ఖాయం. ఇండియన్ ఓపెన్ లాంటివీ, మెరిట్ లిస్టులో, అంటే సీజన్ మొత్తం ఆటని బట్టి వేసే వరుసలో, పైవాళ్లే ఆడే సీజన్ చివరి ఛాంపియన్‌షిప్పూ తీసేసినా సరే. ఫిబ్రవరి ప్రాంతంలో మొదలై వానలకు ఆగి, మళ్లీ డిసెంబర్ దాకా. ఒక వారం పోతే ఇంకో వారం ఇంకో ఊళ్లో ఉంటుంది. ఇది మామూలు విషయంలా కనిపిస్తుంది. కానీ ఇందులోనే ఉంది అంతా.

మొదటి రెండు రోజుల స్కోరు చూసి కొందరిని ఇంటికి పంపేదే కట్. పీజీటీఐలో కట్ దాటేది మొదటి 50 మంది, టై అయినవాళ్లతో కలిపి. మా తమ్ముడి మొదటి సీజన్లో హైదరాబాద్ టోర్నమెంట్ గోల్కొండలో, నయా ఖిల్లా గోడల మధ్య ఉన్న కోర్సులో. రెండో రోజు సాయంత్రం ఆఖరి హోల్‌కి వచ్చేసరికి వాడు సరిగ్గా కట్ గీత మీద ఉన్నాడు. దారంతా ప్రతి హోల్‌కీ "ఎంత మీద ఆగుతుందన్నయ్యా?" అని అడుగుతూనే ఉన్నాడు. నేను ఫోన్ చూసి చెబుతూనే ఉన్నాను, నా తప్పు కూడా అందులో ఉంది. నాలుగడుగుల పట్, గుంతలోకి దొర్లించాల్సిన చిన్న షాటు. కుడివైపు అంచు తాకి తిరిగి బయటికొచ్చింది. ఒక్క షాటు తేడాతో ఇంటికి. పక్కనే ఆ పెద్ద హాథియాన్ చెట్టు కింద పెళ్లికొచ్చినవాళ్లలా ఫొటోలు దిగుతున్నారు జనం. దాన్ని చూడడానికే చిన్నప్పుడు మా నాన్న మమ్మల్ని తీసుకెళ్లారు. ఆ సాయంత్రం వాడు దానివైపు తలెత్తి చూడలేదు.

మరుసటి వారం వేరే ఊరు, మళ్లీ రెండో రోజు, మళ్లీ గీత మీదే. ఈసారి అయిదడుగులు. పోయింది. ఆ పై వారం దాటాడు. తర్వాత మళ్లీ తప్పాడు. వరసగా ఇలా ఆడుతూ పోయాక, ఏడో వారమో ఎనిమిదో వారమో, పదహారో హోల్ దాకా వచ్చినా వాడు నన్ను స్కోరు అడగలేదని గమనించాను. యార్డేజ్ బుక్ (కోర్సులో దూరాలు రాసి ఉండే పుస్తకం) తీసి గాలి ఎటుందని మాత్రం అడిగాడు. ఆ రోజు మూడు షాట్లు మిగిలుండగానే కట్ దాటాడు. వాడికి ఈ మార్పు ఏ కోచ్ చెబితేనో రాలేదు. అదే భయం వారం తర్వాత వారం, మానడానికి వీల్లేనంత దగ్గర దగ్గరగా ఎదురైతే వచ్చింది. మధ్యలో మూడేసి వారాలు ఖాళీ ఉంటే ప్రతిసారీ ఆ భయం కొత్తదే అయ్యేది.

పైకొచ్చినవాళ్ల దారులు చూసినా నాకిదే కనిపిస్తుంది. శుభంకర్ శర్మ 2013లో ప్రో అయ్యాడు, ఇక్కడే టోర్నమెంట్ల మీద టోర్నమెంట్లు ఆడాడు. 2017 డిసెంబర్‌లో జోబర్గ్ ఓపెన్, 2018 మొదట్లో మేబ్యాంక్ ఛాంపియన్‌షిప్ గెలిచి, అదే ఏడాది ఏషియన్ టూర్ మెరిట్ లిస్టులో మొదటి స్థానంలో నిలిచాడు. ఢాకాలో బాల్ బాయ్‌గా మొదలైన సిద్దికూర్ రహ్మాన్ మన టూర్‌లో గెలవడం నేర్చుకునే 2010లో బ్రూనై ఓపెన్ కొట్టాడు, 2013లో ఏకంగా మన ఇండియన్ ఓపెన్ పట్టుకుపోయాడు. అనిర్బన్ లాహిరి 2007లో ప్రో అయ్యి, 2009లో పీజీటీఐ మెరిట్ లిస్టులో మొదటివాడయ్యాడు. ఏషియన్ టూర్‌లో మొదటి స్థానం 2015లో. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఏడీటీ మొదలైందే 2010లో. లాహిరి ప్రో అయిన నాటికి ఆ దారి లేనే లేదు కాబట్టి, ఆయన దాన్ని కాదని దీన్ని ఎంచుకున్నాడని చెప్పడం న్యాయం కాదు.

ఇక ఏడీటీ వైపు న్యాయం.

మొదటిది, మెట్లు. పీజీటీఐ మెరిట్ లిస్టులో మొదటి స్థానానికి డీపీ వరల్డ్ టూర్ (యూరప్ ప్రధాన టూర్) కార్డు ఇస్తున్నారు. 2022కి మను గండాస్, 2023కి ఓం ప్రకాశ్ చౌహాన్, 2024కి వీర్ అహ్లావత్ అలా వెళ్లారు. పెద్ద మెట్టే, కానీ ఏడాదికి ఒక్కడికే. ఏడీటీలో ఈ మధ్య సీజన్లలో మొదటి పదిమందికి ఏషియన్ టూర్ కార్డులిచ్చారు. అన్ని టోర్నమెంట్లూ ఆడగలిగినవాడికి ఆ పదిమందిలో ఒకడు కావడం, ఇక్కడ ఒకే ఒక్కడు కావడం కంటే సులువు. ఈ విషయంలో నాకు జవాబు లేదు. అది నిజం.

రెండోది, నేల. గండాస్, చౌహాన్ ఇద్దరూ ఆ కార్డు నిలబెట్టుకోలేక తిరిగి ఇక్కడికే వచ్చారు. వాళ్ల ఆట తక్కువదని నేననను, ఇక్కడ వాళ్లని కొట్టడం ఎంత కష్టమో దగ్గరగా చూసినవాణ్ణి. మన కోర్సులు చాలా వరకూ పాతవి, ఇరుకువి. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో ఫెయిర్‌వేకి, అంటే బంతి వెళ్లాల్సిన పొట్టి గడ్డి దారికి, రెండువైపులా తుప్పలు. అక్కడ మావాడు రోజంతా బాగా దూరం కొట్టే డ్రైవర్ అనే క్లబ్బు తీసింది రెండే రెండుసార్లు. రాయల్ కల్‌కత్తాలో నేల చదును, ఎటు చూసినా చెరువులు, ఎక్కడ ఆపాలన్నదే ఆట. ఈ ఆట వచ్చినవాడు పొడుగ్గా, వెడల్పుగా ఉండే కోర్సుకి వెళ్తే చేతులు కట్టేసినట్టవుతాడు.

మాకది మలేషియాలోనే అర్థమైంది, చోటు దొరికిన వారాల్లో. అక్కడి ఫెయిర్‌వేల్లో చాలాచోట్ల కౌ గ్రాస్ ఉంటుంది. వెడల్పాటి ఆకు, మెత్తగా, తడితడిగా. విశాఖలో ముడసర్లోవ కోర్సులో బంతి గట్టి నేల మీద కూర్చుంటుంది, దగ్గరి షాట్లకు వాడే వెడ్జ్ క్లబ్బు కిందికి దింపి కొడితే గ్రీన్ మీద పడి ఆగుతుంది. అక్కడ అదే షాటు కొడితే బంతికీ వెడ్జ్‌కీ మధ్య ఆకు నలిగి, బంతి స్పిన్ లేకుండా పది గజాలు ఎక్కువ ఎగిరింది. మొదటి రోజు మూడు గ్రీన్లు దాటించాడు. మూడో రోజు సాయంత్రం రేంజ్ పక్కన గడ్డిలో కూర్చుని, చేత్తో ఆకులు పక్కకి తీస్తూ బంతి ఎంత లోతులో ఉందో చూస్తున్నాడు. ఆ వారం తర్వాత వెడ్జ్ కొట్టే తీరే మారింది, ఇప్పుడు మన వానాకాలపు ఫెయిర్‌వేల మీద కూడా వాడికది పనికొస్తోంది. ఇది పీజీటీఐ నేర్పనిది, నేర్పలేనిది.

కాబట్టి ఏడీటీ వద్దని నేననను. మొదటి సీజన్ మొత్తం దాని మీదే పెట్టొద్దంటాను. ఒక్క సందర్భంలో తప్ప. మీవాడు దేశం తరఫున అమెచ్యూర్‌గా బయట బాగా ఆడివచ్చినవాడై, బంతి దూరం కొట్టేవాడై, ఏడాది ఖర్చు స్పాన్సర్ ముందే ఇచ్చి ఉంటే, ఏషియన్ టూర్ క్యూ స్కూల్ ఆడించండి. పై వరసలో, అంటే అయిదో స్థానమో పదో స్థానమో వస్తే ఇంక ఆలోచించక్కర్లేదు, వెళ్లిపోవడమే. ముప్పై దాటి వస్తే మాత్రం ఆ కేటగిరీకి పోయిన సీజన్లో ఎన్ని వారాలు చోటు దొరికిందో లెక్క పెట్టి చూడండి. పాత ఎంట్రీ లిస్టులు ముందేసుకుంటే గంట పని. మేము ఆ గంట పని చెయ్యకుండానే టికెట్లు కొన్నాం. రెండు క్యూ స్కూళ్లూ చలికాలంలోనే వస్తాయి, తేదీలు కలవకపోతే రెండూ ఆడొచ్చు.

ప్రపంచ ర్యాంకింగ్ పాయింట్ల గురించి కూడా అడుగుతున్నారు. రెండు టూర్లకీ ఉన్నాయి. 2022 ఆగస్టు నుంచి పాయింట్లు పూర్తిగా ఆ వారం ఆడేవాళ్ల స్థాయిని బట్టే లెక్కేస్తున్నారు, టోర్నమెంట్‌కి ఇంత అన్న కనీస హామీ పోయింది. రెండు చోట్లా వచ్చేవి కొద్దికొద్దే. దీన్ని బట్టి టూర్ ఎంచుకోవద్దు.

మిగతా దారులు క్లుప్తంగా. ఐజీపీఎల్, అంటే ఇండియన్ గోల్ఫ్ ప్రీమియర్ లీగ్, 2025లోనే మొదలైంది, 54 హోల్స్, మగవాళ్లూ ఆడవాళ్లూ ఒకే ఫీల్డులో ఆడతారు. పేరున్న ఆటగాళ్లకు బాగుండొచ్చు, కొత్తవాడు మాత్రం కొంతకాలం ఆగి చూడాలి, దిగేముందు పీజీటీఐ నియమాలు చదువుకోవాలి. యూరప్‌లో ఛాలెంజ్ టూర్, అదే ఇప్పటి హోటల్‌ప్లానర్ టూర్, మొదటి ఏడాదికి ఖర్చు మోయలేరు. జపాన్ సంగతి నేను చూడలేదు కాబట్టి చెప్పను. అమెరికా కాలేజీ గోల్ఫ్ వేరే ప్రశ్న, పదిహేడేళ్ల పిల్లవాడికి అది మంచి దారే, కానీ ప్రో అయ్యాక అడిగే ప్రశ్న కాదు. పీజీటీఐ క్యూ స్కూల్‌లో కార్డు రాకపోతే దాని కింది మెట్టు టూర్ నెక్స్‌జెన్ ఉంది, సిగ్గుపడకుండా ఆడించండి. ఖాళీగా కూర్చోబెట్టడం కంటే అది వందరెట్లు నయం.

మా ఇంట్లో తేలింది ఇది. ఫిబ్రవరి నుంచి వానలొచ్చేదాకా పీజీటీఐలో వచ్చిన ప్రతి వారం ఆడతాడు. వానల విరామంలో రెండు మూడు ఏడీటీ వారాలు, ఇండోనేషియాలోనో మలేషియాలోనో, ఆ తడి గడ్డి కోసమే. తర్వాత మళ్లీ ఇక్కడే డిసెంబర్ దాకా. సీజన్ అయ్యాక ఏషియన్ టూర్ క్యూ స్కూల్ ఈసారి ఆడతాడు, వాడే అడిగాడు. అమ్మ ఒప్పుకుంది. నాన్న ఒక్క షరతు పెట్టారు. ఎంట్రీ లిస్టులో వాడి పేరు రిజర్వ్ గీతకి పైన కనిపించిన రోజే బయటి దేశానికి టికెట్ కొనాలి. ఆ లిస్టు చూసే పని నాకప్పగించారు.